బిడ్డలను బడి మాన్పించి ఇంటనే చదివించవచ్చునా?



కొంతకాలముగా మన సంఘములలో ఒక ప్రశ్న వినబడుచున్నది. "బడులలో పిల్లలు చెడుమాటలు నేర్చుకొనుచున్నారు. దేవుని భయము లేని చోటికి ప్రతిదినము పంపుటకంటె, ఇంటిలోనే కూర్చుండబెట్టి మనమే చదువు చెప్పుకొనుట మంచిది కాదా?" అని తల్లులు అడుగుచున్నారు. 2020 మార్చిలో కరోనా వలన బడులు మూతపడినప్పుడు ఎన్నో ఇండ్లలో తల్లులే పలక పట్టుకొని కూర్చున్నారు. అమెరికాలో ఉన్న బంధువులు ఫోనులో మాటలాడుచు, అక్కడ అనేక క్రైస్తవ కుటుంబములు పిల్లలను ఇంటనే చదివించుచున్నవని చెప్పుచున్నారు. ఆ మాట విన్నవారికి ఆశ కలుగుట సహజమే.

ఆశ మంచిదే. అయితే బిడ్డ చదువు మరల తిరిగిరాని సంగతి. గట్టు తెగిన చేనికి మరుసటి ఏడు మరల గట్టు వేసికొందుము గాని, ఎనిమిదేండ్ల వయస్సు బిడ్డకు రెండుసార్లు రాదు. కాబట్టి ఈ నెల ఈ శీర్షికలో ఆ ప్రశ్నను తొందరపడక అన్ని వైపులనుండి చూతము.

వాక్యము ఏమి కోరుచున్నది?

ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయములో దేవుని మాటలను పిల్లలకు నేర్పు బాధ్యత తలిదండ్రులమీద ఉంచబడినది. ఇంట కూర్చున్నప్పుడు, త్రోవను నడుచునప్పుడు, పండుకొనునప్పుడు, లేచునప్పుడు నేర్పవలెనని అక్కడ ఉన్నది. ఎఫెసీ పత్రిక 6:4లో అపొస్తలుడు ఈ పనిని ప్రత్యేకముగా తండ్రులకు అప్పగించుచున్నాడు. ఈ బాధ్యతను సండే స్కూలు టీచరుకో, పాస్టరుగారికో, హాస్టలు వార్డెనుకో వదలివేయుటకు మనకు అధికారము లేదు.

అయితే అక్షరములు, లెక్కలు ఏ కప్పు క్రింద నేర్పవలెనో వాక్యము ఆజ్ఞాపించలేదు. తిమోతికి అవ్వ లోయి, తల్లి యునీకే బాల్యమునుండి లేఖనములు నేర్పిరి. మోషే తల్లి పాలు త్రాగి పెరిగినవాడే గాని, ఐగుప్తీయుల సకల విద్యలు అభ్యసించినవాడని అపొస్తలుల కార్యములు 7:22 తెలుపుచున్నది. దానియేలు, అతని స్నేహితులు బబులోనులో కల్దీయుల భాషను, విద్యను నేర్చుకొనిరి. నేర్చుకొని కూడ తమ దేవుని విడువలేదు. ఇంటిలో పునాది గట్టిగా పడినవారు పరాయి బడిలో కూడ నిలిచిరి. కనుక బిడ్డను బడికి పంపు ఇల్లు అవిశ్వాసపు ఇల్లు అనుకొనరాదు. ఇంటనే చదివించు ఇల్లు భక్తిలో పైమెట్టున ఉన్నదని కూడ అనుకొనరాదు.

మెదక్ ప్రాంతములోని మన వెస్లియన్ సంఘముల పెద్దలు సుసన్నా వెస్లీని గూర్చి చెప్పుట మీలో కొందరు వినియుందురు. ఇంగ్లాండులోని ఎప్‌వర్త్ అను గ్రామములో పాస్టరు భార్యయైన ఆమెకు 19 మంది బిడ్డలు పుట్టిరి, 10 మంది మాత్రమే బ్రదికి పెరిగిరి. ఆమె ఆ బిడ్డలకు ఇంటనే దినమునకు 6 గంటలు పాఠములు చెప్పెను. ఆడపిల్లకు చదువు రాకముందు ఇంటిపని అప్పగించకూడదని నియమము పెట్టుకొనెను. అయితే ఆమె కుమారుడు జాన్ వెస్లీ 1714లో, పదేండ్ల వయస్సున లండనులోని చార్టర్‌హౌస్ బడికి పంపబడెను. ఇంటి చదువుకు మాదిరిగా మనము చెప్పుకొను ఆ తల్లియే సమయము వచ్చినప్పుడు బిడ్డను బడికి సాగనంపెను.

అమెరికాలో ఇది ఎట్లు మొదలైనది?

మన బంధువులు చెప్పు సంగతికి ఒక చరిత్ర ఉన్నది. 1962, 1963 సంవత్సరములలో అమెరికా సుప్రీంకోర్టు, ప్రభుత్వ బడులలో బడి తరపున ప్రార్థన చేయించుట, బైబిలు చదివించుట రాజ్యాంగమునకు విరుద్ధమని తీర్పు చెప్పెను. పిల్లవాడు తనంతట తాను ప్రార్థించుకొనుటను ఆ తీర్పు ఆపలేదు. అయినను అనేక క్రైస్తవ కుటుంబములు కలత చెందెను. 1975లో రేమండ్ మూర్, డొరొతీ మూర్ అను దంపతులు, చిన్నపిల్లలను తొందరపడి బడిలో వేయరాదని ఒక పుస్తకము ప్రచురించిరి. 1977లో జాన్ హోల్ట్ అను విద్యావేత్త బడి లేని చదువును గూర్చి పత్రిక ప్రారంభించెను. ఆయన మతకారణముచేత ఈ పని చేయలేదు, బడుల పద్ధతి నచ్చక చేసెను. 1983లో ఇటువంటి కుటుంబములకు న్యాయసహాయము చేయుటకు ఒక సంఘము ఏర్పడెను. 1993 నాటికి 50 రాష్ట్రములలోను ఇంటి చదువు చట్టబద్ధమైనది. 1999లో సుమారు 8 లక్షల 50 వేలమంది పిల్లలు, 2016లో దాదాపు 17 లక్షలమంది అక్కడ ఇంట చదువుచుండిరని ప్రభుత్వపు లెక్కలు చెప్పుచున్నవి.

ఆ 2016 లెక్కలలోనే మరియొక సంగతి ఉన్నది. మీరు ఇట్లు చేయుటకు అన్నిటికంటె ముఖ్యమైన కారణమేమని అడిగినప్పుడు, మతబోధ అని చెప్పినవారు నూటికి 16 మంది. బడి వాతావరణము, భద్రత, చెడు సహవాసము అని చెప్పినవారు నూటికి 34 మంది. అనగా అక్కడ కూడ అందరు ఒకే కారణముచేత ఈ మార్గము పట్టలేదు.

వారికున్న వసతులు కూడ తలంచవలెను. ఊరూర ప్రభుత్వ గ్రంథాలయములున్నవి. పాఠ్యపుస్తకములు, జవాబుల పుస్తకములతోసహా తపాలాలో ఇంటికి వచ్చును. వారమున కొన్ని దినములు కొన్ని కుటుంబములు కలిసి, ఒకరు సైన్సు, మరియొకరు సంగీతము నేర్పుకొందురు. చట్టము కూడ రాష్ట్రమునకొక విధముగా ఉన్నది. టెక్సస్‌లో ప్రభుత్వమునకు తెలియజేయవలసిన పని కూడ లేదు. న్యూయార్కులో పాఠముల ప్రణాళిక, మూడు నెలలకొకసారి నివేదిక ఇయ్యవలెను. మరియొక వైపు జర్మనీలో ఇంటి చదువుకు సాధారణముగా అనుమతియే లేదు. పిల్లలను బడికి పంపనొల్లని ఒక క్రైస్తవ కుటుంబము యూరపు మానవహక్కుల న్యాయస్థానమునకు వెళ్ళగా, 2019లో ఆ కోర్టు జర్మనీ ప్రభుత్వము కుటుంబ హక్కును ఉల్లంఘించలేదని తీర్పు చెప్పెను. కాబట్టి ఒక దేశములో సులువైనది మరియొక దేశములో సులువు కాదు.

మన దేశములో చట్టము

2002లో రాజ్యాంగమునకు జరిగిన 86వ సవరణ, 6 నుండి 14 ఏండ్ల పిల్లలకు చదువును ప్రాథమిక హక్కుగా చేసెను. దానిని అమలుచేయు విద్యాహక్కు చట్టము 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుండి నడుచుచున్నది. ఆ చట్టము 10వ సెక్షనులో బిడ్డను సమీపములోని బడిలో చేర్పించుట తలిదండ్రుల విధి అని ఉన్నది. పంపని తలిదండ్రులకు శిక్ష ఏమియు అందులో వ్రాయబడలేదు. సాధారణమైన పిల్లలకు ఇంటి చదువు చెప్పవచ్చునని గాని, చెప్పకూడదని గాని ఆ పేరు పెట్టి చట్టము చెప్పలేదు. ఇంటి చదువును పేరు పెట్టి ఒప్పుకొన్నది ఒక్క చోటనే. 2012 సవరణ ప్రకారము, తీవ్రమైన వైకల్యము గాని ఒకటికంటె ఎక్కువ వైకల్యములు గాని గల బిడ్డకు ఇంటివద్దనే విద్య కోరుకొను హక్కు ఉన్నది. అట్టి బిడ్డ మీ ఇంట ఉన్నయెడల, మండలములోని భవిత కేంద్రమును అడుగుడి. ఇది దయచేసి ఇచ్చునది కాదు, బిడ్డ హక్కు.

మిగిలినవారు ముందుగా తెలిసికొనవలసిన కాగితపు సంగతులు కొన్ని ఉన్నవి. ఇంట చదివిన బిడ్డ పదవ తరగతి పరీక్షను సార్వత్రిక విద్యాపీఠము ద్వారా వ్రాయవచ్చును. జాతీయ సంస్థ 1989లో ప్రారంభమైనది, 14 ఏండ్లు నిండినవారు అందులో పదవ తరగతికి చేరవచ్చును. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములకు కూడ ఓపెన్ స్కూళ్ళున్నవి, వాటిలో తెలుగు మాధ్యమమున్నది. కాని నవోదయ విద్యాలయములో 6వ తరగతి ప్రవేశమునకు, ఆ జిల్లాలోనే గుర్తింపు పొందిన బడిలో 5వ తరగతి చదివినట్లు సాధారణముగా చూపవలెను. మన రాష్ట్రములలో పై చదువుల సీట్లకు, ఉద్యోగములకు స్థానికత నిర్ణయించునప్పుడు ఏండ్ల తరబడి స్టడీ సర్టిఫికెట్లు అడుగుదురు. బడిలో చదవనివారు తహసీల్దారు వద్ద నివాస ధ్రువపత్రము తెచ్చుకొనవలసి యుండును. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో మొదలైన తల్లికి వందనము సొమ్ము బడిలో చేరి హాజరు ఉన్న పిల్లల తల్లులకే వచ్చును. మధ్యాహ్న భోజనము, ఉచిత పుస్తకములు కూడ బడితోనే ఉన్నవి. వీటిని చిన్న సంగతులని త్రోసివేయవద్దు. కూలిపని చేసికొని బ్రదుకు ఇంటికి ఒక పూట అన్నము చిన్నది కాదు.

బడి మనకు ఎట్లు వచ్చినది?

ఇక్కడ మన తెలుగు సంఘముల చరిత్రను మరువరాదు. అమెరికాలో ఇంటి చదువు పట్టినవారిలో అనేకులు, తరతరములుగా బడికి వెళ్ళిన తాతముత్తాతల సంతానము. మనలో అనేకుల తాతలకు బడి గుమ్మములోపలికి అడుగుపెట్టు హక్కు లేకుండెను. వారి కులము పేరు చెప్పి అరుగు క్రింద కూర్చుండబెట్టిరి, లేదా రానే రావద్దనిరి. 1842లో గుంటూరుకు వచ్చిన హయ్యరు అయ్యగారు సువార్తతోపాటు బడులు కూడ ప్రారంభించెను. ఒంగోలు ప్రాంతములో 1876–78 కరువు తరువాత క్లౌ దొరగారి కాలమున వేలాదిమంది బాప్తిస్మము పొందగా, పల్లెలకు ఉపదేశకులతోపాటు బడులు కూడ వచ్చెను. 1912లో దోర్నకల్ బిషపుగా అభిషేకము పొందిన అజరయ్య గారి అధ్యక్షమండలములో కూడ పల్లె పంతులుగారే పగలు అ ఆలు దిద్దించెను, సాయంకాలము ప్రార్థన నడిపెను. తాటాకు కప్పు క్రింద ఆదివారము గుడి, సోమవారము బడి.

ఆ బడిలో అక్షరము నేర్చిన అవ్వ తన బైబిలు తాను చదువుకొనెను. వేలిముద్ర వేయు ఇంటినుండి టీచరు, నర్సు, రైల్వే గుమాస్తా వచ్చిరి. కనుక మన ఇంటి బిడ్డ పేరు హాజరు పట్టికలో ఉండుట మనకు ఒక సామాన్య సంగతి కాదు. ఎన్నో కన్నీళ్ళమీద తెరువబడిన తలుపు అది. మనంతట మనము దానిని మూయుటకు ముందు రెండుసార్లు, మూడుసార్లు ఆలోచించవలెను.

నిర్ణయమునకు ముందు భార్యభర్తలు వేసికొనవలసిన ప్రశ్నలు

మొదటిది: ఎందుకు మాన్పించదలచితిమి? కారణమును కాగితముమీద వ్రాయుడి. చెడు సహవాసమా? అయితే ఆ స్నేహితుడు బడి విడిచిన తరువాత మన వీధిలోనే ఉన్నాడా చూడుడి. వాడు చేతిలో ఫోనులో ఉన్నయెడల బడి మాన్పించినను పోడు. ఫీజుల భారమా? అయితే ప్రైవేటు బడికి, ఇంటికి నడుమ ప్రభుత్వ బడి ఒకటి ఉన్నది. పంతులు కొట్టుచున్నాడా? విద్యాహక్కు చట్టము 17వ సెక్షను బిడ్డను కొట్టుటను, మనస్సు నొప్పించుటను నిషేధించినది. ముందు హెడ్‌మాస్టరుగారిని, తరువాత మండల విద్యాశాఖాధికారిని కలిసికొనుడి.

బడిలో పూజకు కూర్చుండుమనుచున్నారా? దీనిని గూర్చి అనేకులు భయపడుచున్నారు. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడుచు విద్యాసంస్థలో మతబోధ చేయకూడదని రాజ్యాంగము 28వ అధికరణము చెప్పుచున్నది. గుర్తింపు పొందిన, సహాయము పొందిన ఇతర సంస్థలలో కూడ సంరక్షకుల సమ్మతి లేక చిన్నబిడ్డను మతారాధనకు హాజరుపరచరాదు. కేరళలో ముగ్గురు పిల్లలు జాతీయగీతమునకు గౌరవముగా నిలబడిరి గాని పాడలేదని బడినుండి తీసివేయబడగా, 1986లో సుప్రీంకోర్టు వారిని మరల చేర్చుకొనుమని తీర్పు చెప్పెను. వారు యెహోవాసాక్షులు, వారి బోధ మన బోధ కాదు. అయినను మనస్సాక్షికి మన దేశపు న్యాయస్థానము ఇచ్చిన విలువ అందులో కనబడుచున్నది. కనుక బడితో పోట్లాడక, బిడ్డను మాన్పించక, తండ్రి తానే వెళ్ళి సాత్వికముతో మాటలాడిన తీరిపోవు చిక్కులు చాల ఉన్నవి. "అయ్యా, మా అబ్బాయి ఆ సమయమున మౌనముగా ప్రక్కన నిలుచుండును, మీరు దయచేసి ఒప్పుకొనుడి" అని అడుగుటకు ధైర్యము చాలును.

రెండవది: ఎవరు నేర్పుదురు? "మేము నేర్పుదుము" అని భర్త చెప్పి, మొత్తము భారము భార్యమీద పెట్టు ఇండ్లు ఉండును. పత్తితీత, మిరపకోతల కాలములో ఆమె ఎన్ని గంటలకు ఇంటికి వచ్చును? పాడి ఎవరు చూతురు? అత్తమామల సేవ ఎవరు చేయుదురు? దినమునకు కనీసము నాలుగు గంటలు, అడ్డములేకుండ, ఏడాదికి రెండువందల దినములు కూర్చుండి చెప్పగల మనిషి ఇంటిలో ఉన్నారా? లేరనినయెడల, ప్రశ్నకు జవాబు వచ్చినట్లే.

మూడవది: ఎంతవరకు నేర్పగలము? మూడవ తరగతి లెక్కలు చెప్పగలవారు ఎనిమిదవ తరగతి బీజగణితము చెప్పగలరా? తెలుగు చక్కగా చెప్పు తల్లికి ఇంగ్లీషు, హిందీ, సైన్సు ఎవరు తోడు? అమెరికాలో అచ్చువేసిన క్రైస్తవ పాఠ్యపుస్తకములు మంచివే అనుకొన్నను, వాటిలో డాలర్లు, మైళ్ళు, అక్కడి అధ్యక్షుల చరిత్ర ఉండును. మన బిడ్డ వ్రాయవలసినది మన పరీక్ష.

నాలుగవది: బిడ్డ ఎవరితో పెరుగును? బడిలో పల్లెవారి పిల్లలు, ఊరివారి పిల్లలు ఒకే బల్లమీద కూర్చుందురు. అక్కడ మన బిడ్డ మాట నిలుపుకొనినప్పుడు, పలకబలపము పంచుకొనినప్పుడు, వానియందున్న ప్రభువు ఇతరులకు తెలియును. ఉప్పును జాడీలోనే ఉంచిన కూరకు రుచి రాదు. అదే సమయమున, లేతమొక్కకు కంచె కావలెనని కూడ ఒప్పుకొందుము. మీ బిడ్డ స్వభావము ఎట్టిదో మీకే తెలియును. ఆ బిడ్డనే అడుగుడి. పదేండ్ల బిడ్డకు తనదైన మాట ఉండును.

ఐదవది: ఆడపిల్ల సంగతి ఏమి? ఇది మేము మొగమాటము లేకుండ వ్రాయుచున్నాము. "ఇంటనే చదువుకొనుచున్నది" అను మాట క్రింద తమ్ముని ఎత్తుకొనుట, అంట్లు తోముట, పత్తిచేలకు వెళ్ళుట జరిగినయెడల, అది క్రైస్తవ విద్య కాదు. బడి మానిన ఆడపిల్లకు సంబంధములు త్వరగా వచ్చును. 18 ఏండ్లు నిండని బిడ్డకు పెండ్లి చేయుట నేరము. 14 ఏండ్లలోపు బిడ్డను పనిలో పెట్టుట నేరము. ఇంటివారికి సాయపడుటను చట్టము ఒప్పుకొన్నను, అది బడివేళ కాని సమయమున, చదువుకు అడ్డురాని పరిమితిలో మాత్రమే. కొడుకును కాన్వెంటుకు పంపి, కూతురును ఇంట చదివింతుమను ఇంటిలో ఆ నిర్ణయము వాక్యమునుండి వచ్చినది కాదు.

ఆరవది: బిడ్డను చూచు మరియొక కన్ను ఉన్నదా? బడిలో బిడ్డ ఒంటిమీద దెబ్బ కనబడినను, ముఖము వాడినను ఒక టీచరు అడుగును. ఇంటనే ఉండు బిడ్డను కూడ వారమునకొకసారి, ఇంటివారు కాని నమ్మకమైన పెద్దవారు ఒకరు కలిసికొని మాటలాడునట్లు ఏర్పాటు ఉండవలెను. దాచవలసినది లేని ఇల్లు దీనికి వెనుదీయదు.

ఏడవది: తిరిగి వచ్చు త్రోవ తెలుసా? ఇంటి చదువు కుదరనియెడల బిడ్డను మరల బడిలో వేయవచ్చును. విద్యాహక్కు చట్టము 4వ సెక్షను ప్రకారము, చదువు మానిన బిడ్డను వయస్సుకు తగిన తరగతిలో చేర్చుకొని, వెనుకబడినదానికి ప్రత్యేక శిక్షణ ఇయ్యవలెను. కనుక "ఒకసారి మొదలుపెట్టితిమి, ఊరివారు నవ్వుదురు" అని మొండిపట్టు పట్టవద్దు.

ఎవరికి తగును, ఎవరికి తగదు?

ఈ ప్రశ్నలన్నిటికి జవాబు చెప్పుకొని, నిలువగల ఇండ్లు కొన్ని ఉండును. బిడ్డకు దీర్ఘరోగమున్న ఇల్లు, ఉద్యోగరీత్యా ఏటికొక ఊరు మారు ఇల్లు, చదువుకొన్న తల్లి ఇంటనే ఉండి తండ్రి సాయంకాలము చేయి కలుపు ఇల్లు, దగ్గరలోనే ఇదే తలంపుగల మరి రెండు కుటుంబములున్న ఇల్లు. అట్టివారు ముందు ఒక వేసవి సెలవులలో నలుబది దినములు పరీక్షగా చేసి చూడవలెను. అటుపిమ్మట ఒక్క సంవత్సరమునకే నిర్ణయించుకొని, సంవత్సరాంతమున బిడ్డను అదే తరగతి ప్రశ్నపత్రముతో పరీక్షించవలెను. ఓపెన్ స్కూలు నిబంధనలు, బిడ్డను పంపదలచిన పై చదువు ప్రవేశ నిబంధనలు మొదటే తెలిసికొనవలెను. అట్టి ఇంటిని సంఘము వింతగా చూడక, ప్రార్థనతోను పుస్తకములతోను ఆదుకొనవలెను.

పనిపాటలు చేసికొని బ్రదుకుచున్న మన పల్లె కుటుంబములలో ఎక్కువమందికి మాత్రము, బడి మాన్పించుట తగదని మా తలంపు. అయితే మాన్పించకుండుటతో మన బాధ్యత తీరలేదు. బడి తన పని చేయును, ఇల్లు తన పని చేయవలెను. ఇంటి చదువు కోరు తల్లి హృదయములో ఉన్న మంచి కోరికను పోగొట్టుకొనక, దానిని సాయంకాలమునకు మార్చుకొందము.

బడినుండి వచ్చిన బిడ్డకు ముందు అన్నము పెట్టి, "ఈ దినము ఏమి జరిగినది?" అని అడిగి, మధ్యలో మందలించక విననిండు. విన్న తల్లికే బిడ్డ అన్నియు చెప్పును. దీపము పెట్టిన తరువాత అరగంట టి.వి., ఫోను కట్టివేసి, బిడ్డచేత బైబిలులో ఒక చిన్న భాగము గట్టిగా చదివించుడి. దీనివలన వాక్యము వచ్చును, తెలుగు చదువుట కూడ వచ్చును. తండ్రికి చదువు రానియెడల సిగ్గుపడవలదు. "నీవు చదువుము నాయనా, నేను విందును" అని కూర్చుండు తండ్రి వంద పుస్తకములంత నేర్పును. చందా లెక్క, పాల లెక్క, కూలి లెక్క బిడ్డచేత వేయించుడి. బడిలో విన్న మాటలలో మన విశ్వాసమునకు సరిపడనిది ఉన్నయెడల, పంతులుగారిని దూషించక, వాక్యము ఏమి చెప్పుచున్నదో నెమ్మదిగా చూపుడి.

సంఘములు కూడ చేయగల పని ఉన్నది. మందిరపు తలుపులు ఆదివారము మాత్రమే తెరచి, మిగిలిన ఆరు దినములు తాళము వేయనేల? సాయంకాలము ఆరునుండి ఏడున్నరవరకు దీపము వెలిగించి, సంఘములో డిగ్రీ చదువుకొన్న అన్నలు, అక్కలు వంతులవారీగా కూర్చున్నయెడల, తల్లికి చదువు రాని బిడ్డకు కూడ ఇంటి చదువు దొరకును. స్త్రీల సమాజము వారు పిల్లలకు గుగ్గిళ్ళు వండి పెట్టవచ్చును. క్రైస్తవులు కాని ఇరుగుపొరుగు పిల్లలు వచ్చినను రానియ్యుడి. మన తాతలకు తలుపు తెరచినవారు కులము అడుగలేదు గదా.

చివరిగా ఒక మనవి. ఈ సంగతిలో ఒకరినొకరు తీర్పు తీర్చుకొనవద్దు. రోమా పత్రిక 14వ అధ్యాయము ఇటువంటి భేదములకే వ్రాయబడినది. ఇంటనే చదివించు సహోదరి బడికి పంపు సహోదరిని లోకస్థురాలు అనరాదు. బడికి పంపువారు ఆమెను పిచ్చిది అనరాదు. ఇరువురి బిడ్డలు ఒకే ప్రభువు చేతిలో ఉన్నారు.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో భార్యభర్తలు ఒక సాయంకాలము ఏర్పరచుకొని, పై ఏడు ప్రశ్నలు చదువుకొని, జవాబులు నిజాయితీగా వ్రాసికొనుడి. జూన్‌లో బడులు తెరచునాటికి తొందరపడవలసిన పని లేకుండ ముందే ఆలోచించుకొనుడి. నిర్ణయము ఏదైనను, రాత్రి పండుకొనబోవు బిడ్డ తలమీద చేయి ఉంచి ప్రార్థించుట మాత్రము మానకుడి. ఆ పని ఏ బడియు మన బదులు చేయదు.

మీ గృహములను, మీ బిడ్డల చదువులను ప్రభువు దీవించును గాక. ఆమేన్.